130 సంచుల ధాన్యం, 257 కిలోల తరుగు: శ్రీకాకుళం జిల్లాలో ఒక తూకం తగాదా పరిశీలన

2024 డిసెంబరు రెండో వారంలో, వంశధార ఎడమ కాలువ కింద జలుమూరు మండలంలోని ఒక గ్రామం నుంచి అరవై ఏళ్ళు దాటిన ఒక రైతు రెండు చీటీలు పట్టుకుని మా రైతు ఉత్పత్తిదారుల సంఘం కార్యాలయానికి వచ్చారు. మొదటిది మిల్లు గేటు దగ్గరున్న వేబ్రిడ్జి, అంటే బండిని సరుకుతో సహా తూచే పెద్ద కాటా, ఇచ్చిన చీటీ. అందులో నిండు బండి 8,610 కిలోలు, ఖాళీ బండి 3,410 కిలోలు, సరుకు 5,200 కిలోలు అని అచ్చయి ఉంది. రెండోది మిల్లు గుమస్తా చేత్తో రాసిన చెల్లింపు చీటీ. అందులో సరుకు 4,943 కిలోలుగా, క్వింటాలుకు 2,300 రూపాయల చొప్పున ఇచ్చిన సొమ్ము 1,13,689 రూపాయలుగా ఉంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 257 కిలోల తేడాకు చీటీలో కనిపించిన వివరణ ఒక్కటే మాట: తరుగు.

రైతు వాదన చాలా సూటిగా ఉంది. తాను 130 సంచులు నింపాడు. సంచికి 40 కిలోలు, అంటే 52 క్వింటాళ్ళు. సంచి బరువు కోసం ఒక కిలో, తరుగు కోసం అర కిలో ముందే కలిపి, ఒక్కో సంచిని కళ్ళంలోనే నలభై ఒకటిన్నర దాకా తూయించాడు. పైగా మిల్లు వారి యంత్రం కూడా అవే 52 క్వింటాళ్ళు చూపించింది. “నా సంచుల లెక్కా ఏబై రెండే, ఆల కాటా లెక్కా ఏబై రెండే. మరి డబ్బులకాడికొచ్చీసరికి నలబై తొమ్మిదెలాగైపోనాది బాబూ?” అని ఆయన అడిగినప్పుడు, పదకొండేళ్ళుగా సంఘంలో తూకాలూ కొనుగోళ్ళూ చూస్తున్న నాకు కూడా వెంటనే తోచిన సమాధానం మిల్లు వారు తేమ పేరుతో ఎక్కువ కోశారన్నదే. ఆ సమాధానం తప్పని తేలడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మేము కొలిచినవి, వేసిన లెక్కలు, దిద్దుకున్న మా పొరపాటు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఊరి పేరూ మిల్లు పేరూ ఈ పరిశీలనకు అవసరం లేదు కాబట్టి వదిలేశాను.

ఒప్పందం ఏమిటి

ఇది ప్రభుత్వ కొనుగోలు కేంద్రం ద్వారా జరిగిన అమ్మకం కాదు. రైతు నేరుగా మిల్లుతో మాట్లాడుకున్నది. రకం ఇంద్ర, అంటే ఎం.టి.యు. 1061. రెండున్నర ఎకరాల్లో యంత్రంతో కోయించిన పంట. ధర ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,300 రూపాయలే. అయితే మా జిల్లాలో ఎవరూ క్వింటాళ్ళలో బేరం ఆడరు. మాట 80 కిలోల బస్తా మీదనే నడుస్తుంది. కాబట్టి నోటి మాటగా కుదిరిన ధర బస్తాకు 1,840 రూపాయలు. తేమ 17 శాతం దాటి ఉంటే బస్తాకు 2 కిలోలు తరుగు తీయాలనీ, గోనె సంచికి ఒక కిలో తీయాలనీ కూడా ముందే అనుకున్నారు. రైతు ఈ రెంటికీ ఒప్పుకున్నాడు. కానీ ఆ రెండూ తాను సంచిలో అదనంగా పోసిన కిలోన్నరతో తీరిపోయాయని ఆయన అనుకున్నాడు. మిల్లు వారు మాత్రం వేబ్రిడ్జి చూపించిన మొత్తం నుంచి వాటిని తీశారు: సంచులకు 130 కిలోలు, మిగిలిన 5,070 కిలోల మీద తేమకు 127 కిలోలు, కలిపి 257.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. తరుగును రెండుసార్లు తీశారని ఊళ్ళో అందరూ అనుకున్నారు. అది నిజం కాదు. రైతు అదనంగా పోసిన కిలోన్నర కూడా వేబ్రిడ్జి తూకంలో కలిసే ఉంటుంది. అందులోంచి సంచి బరువునూ తేమ తరుగునూ ఒక్కసారి తీయడం లెక్క ప్రకారం సరైన పద్ధతే. రైతుది సంచుల లెక్క, మిల్లుది బండి లెక్క. రెండూ వేర్వేరు చోట్ల మొదలై ఒకే చోటికి చేరాలి. ఈ కేసులో చేరలేదు. అదీగాక ఎక్కడో ఒక తప్పు ఉండటం వల్ల, దారి మధ్యలో ఒక చోట 5,200 అనే అంకె దగ్గర రెండూ యాదృచ్ఛికంగా కలిశాయి. అంతటి గందరగోళానికీ మూలం ఆ కాకతాళీయమే. వేబ్రిడ్జి సరైన అంకె 5,370 (అది ఎలా తేలిందో కింద వస్తుంది) చూపించి ఉంటే ఈ తగాదా ఈ రూపంలో వచ్చేదే కాదు.

ముందు తేమ సంగతి

అందరి అనుమానమూ తేమ మీదనే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాం. కళ్ళంలో ముందు రోజు మధ్యాహ్నం మా మీటరుతో చూస్తే 17.4 శాతం వచ్చింది. మిల్లు వారి పుస్తకంలో 19 అని ఉంది. ఇంత తేడా చూసిన వెంటనే మిల్లు మీటరును తప్పు పట్టడం మా వాళ్ళకు అలవాటు. అదృష్టవశాత్తు మా సంఘంలో ఒక మంచి పద్ధతి ఉంది. బండి కట్టే సమయంలో పది సంచుల్లో ఇనుప గొట్టం గుచ్చి తీసిన గింజను కలిపి, గాలి చొరని మూత ఉన్న డబ్బాలో పోసి, రైతు చేత సంతకం చేయించి దాచుకుంటాం. ఆ డబ్బా తెరిచి మూడుసార్లు కొలిచాం. 19.1, 18.8, 19.1 వచ్చాయి. సగటు 19.

మరి కళ్ళంలో 17.4 ఎందుకు వచ్చింది? ఆ కొలత కోసం గింజను రాశి పైభాగం నుంచి, ఎండ బాగా తగిలిన వైపు నుంచి తీశారు. చేత్తో తీయడానికి అదే సులువు. రాశి లోపల గింజ ఇంకా పచ్చిగానే ఉంది. సాయంత్రం నింపిన సంచులు రాత్రంతా బరకం కింద ఉన్నాయి, తెల్లవారి మంచు పడింది. ఎండలో వేడెక్కిన గింజను చల్లారనివ్వకుండా మీటరులో పోసినా అంకె తప్పుతుంది. మీటరు అబద్ధం చెప్పలేదు గాని, దానికి మనం చూపించిన గుప్పెడు గింజ మొత్తం రాశికి ప్రతినిధి కాదు.

పాత రోజుల్లో ఈ సమస్య ఇంతగా లేకపోవడానికి ఒక కారణం ఉంది. కోసిన పనలు చేలోనే ఆరి, కట్టలుగా కుప్పకెక్కి, సంక్రాంతి వేళకో ఆ తర్వాతో నూర్పుకు వచ్చేవి. కుప్పలో ఉన్న వారాలన్నీ గింజ ఆరే వారాలే. ఇప్పుడు యంత్రం ఉదయం కోస్తే సాయంత్రానికి గింజ సంచిలో ఉంటుంది. పంట ఇంటికి త్వరగా వస్తోంది, దానితోపాటు నీరూ వస్తోంది. కొలత మారడం మరో కారణం. మా తాతల కాలంలో ధాన్యాన్ని తూయలేదు, కొలిచారు. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కొలిచే మనిషి మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆ తర్వాత ‘రెండు’ అని లెక్క సాగించేవాడు. ఆ కొలతలో మోసానికి చోటు కుంచం అంచు పైన ఉండేది: గోపురంలా పోయడమా, కర్రతో అంచుకు సమంగా గీయడమా అన్నదే తగాదా. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం తర్వాత 1958 నుంచి 1962 మధ్య మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమల్లోకి వచ్చి, కుంచం స్థానంలోకి కిలో వచ్చింది. కుంచంలో నీరు దాక్కునే చోటు తక్కువ. కిలోకు మాత్రం గింజకూ గింజలోని నీటికీ తేడా తెలియదు. తేమ మీటరు అవసరం అక్కడే పుట్టింది.

ఇక లెక్క. 19 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యంలో ఎండు పదార్థం 81 కిలోలు. ఎంత ఆరబెట్టినా ఆ 81 కిలోలు మారవు, నీరే పోతుంది. తేమ 17 శాతానికి దిగినప్పుడు ఆ 81 కిలోలు మొత్తంలో 83 శాతం కావాలి. అంటే మొత్తం బరువు 81ని 83తో భాగించి 100తో హెచ్చవేసినంత, సుమారు 97.6 కిలోలు. తగ్గేది 2.4 కిలోలు. 80 కిలోల బస్తాకు చూస్తే 1.93 కిలోలు. ఒప్పందంలో అనుకున్న 2 కిలోలకు ఇది దాదాపు సమానం. ఊరంతా నాలుగు రోజులు తిట్టిన తేమ తరుగు, తీరా చూస్తే, ఈ చీటీలో ఉన్న కోతలన్నిటిలో న్యాయమైనది.

17 శాతం పైన ఒక్కో శాతానికి బస్తాకు సుమారు 960 గ్రాములు తగ్గుతాయి. ‘శాతానికి కిలో’ అని మిల్లుల దగ్గర వినిపించే వాడుక లెక్క 80 కిలోల బస్తాకైతే ఫరవాలేదు. అదే మాటను 40 కిలోల సంచికి వాడితే కోత రెట్టింపు అవుతుంది. బస్తా అంటే ఎంత, సంచి అంటే ఎంత అన్నది చీటీలో రాయకుండా ‘కిలో తీయండి’ అనడం వల్ల జరిగే నష్టం ఇది. ఈ కేసులో అలా జరగలేదు గాని, అదే వారంలో మరో ఊరి చీటీలో చూశాను.

మా కాటా దగ్గరి తప్పు

రెండో రోజు కళ్ళంలో వాడిన ఎలక్ట్రానిక్ కాటాను పరీక్షించాం. అది సంఘానిదే, అంటే నా బాధ్యతే. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల ఇనుప గుండ్లు రెండు తెచ్చి పళ్ళెం నడిమధ్యన పెడితే 40.000 చూపించింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు మా తూకం కుర్రాడు, “సంచి నడిమజ్జన ఎవుడేస్తాడండీ, మూలకే కదా ఇసురుతారు” అన్నాడు. ఆ మాట నిజమే. కళాసీలు భుజం మీది సంచిని దించేటప్పుడు అది పళ్ళెం ముందు మూలకే వాలుతుంది. గుండ్లను ఆ మూలకు జరిపితే అంకె 40.200కు ఎక్కింది. కాటాను ఎగుడుదిగుడు నేల మీద, చదును పలక లేకుండా పెట్టడం, సంచి మూలకు పడటం రెండూ కలిసి 40 కిలోలకు 200 గ్రాములు, అంటే వందకు అర కిలో ఎక్కువ చూపిస్తున్నాయి.

అంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి పునఃపరీక్ష చేయించి ముద్ర వేయించాలి. మా కాటాకు ఆ గడువు దాటి ఐదు నెలలైంది. మిల్లు వేబ్రిడ్జికి గడువులోపు ముద్ర ఉందో లేదో చూడటానికి బయల్దేరిన మేము, ముందు మాది చూసుకోలేదు.

ఈ తప్పు ఖరీదు ఎంత? కాటా చూపించిన 41.500 కిలోల సంచి నిజానికి 41.293 కిలోలు. 130 సంచుల మీద 5,395 కాదు, 5,368 కిలోలు. 27 కిలోలు కాటా అంకెలోనే ఉన్నాయి, సంచిలో లేవు.

ఖాళీ బండి బరువు

మూడో రోజు వేబ్రిడ్జి. సంచులతో సహా సరుకు 5,368 కిలోలు ఉండాలని మా సరిచేసిన లెక్క చెబుతోంది. వేబ్రిడ్జి 5,200 చూపించింది. ఇంత తేడా కాటా లోపం వల్ల వచ్చేది కాదు. ఆ వేబ్రిడ్జి 10 కిలోల మెట్టుతో చూపిస్తుంది కాబట్టి ఒక్కో తూకంలో ఐదు కిలోలు అటూ ఇటూ కావచ్చు, అంతకు మించి దానికి నెపం లేదు.

అదే ట్రాక్టరును, అదే తొట్టితో, డ్రైవరు ఒక్కడే ఉండగా నరసన్నపేట దగ్గర జాతీయ రహదారి మీద ఉన్న మరో వేబ్రిడ్జి మీద ఖాళీగా తూయించాం. 3,240 వచ్చింది. అక్కడి నుంచి నేరుగా మిల్లు వేబ్రిడ్జికి తీసుకువెళ్ళాం. అక్కడా 3,240 వచ్చింది. మిల్లు యంత్రం మీద అనుమానం అంతటితో తీరిపోయింది. అయితే చీటీలో ఖాళీ బండి 3,410 ఎలా అయింది? 170 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి?

తొట్టిలో తడి బరకం ఉండిపోయిందేమో, రెండు మూడు సంచులు దించకుండా మిగిలిపోయాయేమో అని డ్రైవరును అడుగుతున్నాం. మిల్లు ఆవరణలో సంచులు దించే కళాసీల్లో ఒకాయన గోడ నీడన కూర్చుని మా మాటలు వింటూ, నవ్వుతూ లేచి వచ్చాడు. “ఏటండీ ఎతుకుతున్నారు, ఆ రోజు తొట్టిలో ఉన్నది మేమే కదా” అన్నాడు.

జరిగింది ఇది. నిండు బండి గేటు దగ్గర తూగి లోపలికి వచ్చినప్పుడు దాని మీద డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. సరుకు దించాక, గేటు బయట ఉన్న టీ కొట్టుకు వెళ్ళడానికి ముగ్గురు కళాసీలు ఖాళీ తొట్టిలో ఎక్కారు. రోజూ అలాగే ఎక్కుతారు. మిల్లు గోదాం నుంచి గేటు దాకా ఎండలో నడవడం ఎందుకని. వేబ్రిడ్జి గేటు పక్కనే ఉంది. బండి దాని మీద ఆగి, తూగి, కదిలిపోయింది. ముగ్గురూ తొట్టిలోనే ఉన్నారు. అద్దాల గదిలో కూర్చుని మీట నొక్కే అబ్బాయికి తొట్టి లోపల కూర్చున్న మనుషులు కనిపించరు, లేచి చూడాలన్న ఆలోచనా అతనికి రాలేదు. ఖాళీ బండి బరువు పెరిగితే సరుకు బరువు అంత మేరకు తగ్గుతుంది. ఆ ముగ్గురినీ సరిచేసిన మా కాటా మీద ఒక్కొక్కరినే నిలబెట్టాం: 52, 57, 61. మొత్తం సరిగ్గా 170.

ఇందులో మిల్లు యజమాని ప్రమేయం ఉందా అని తర్వాత చాలామంది నన్ను అడిగారు. లేదనే నా అభిప్రాయం. కావాలని చేసే మోసమైతే దానికి టీ కొట్టు అవసరం లేదు. పైగా తప్పు ప్రతిసారీ ఒకేలా ఉండదు: ఒక రోజు ముగ్గురు ఎక్కితే, మరో రోజు ఎవరూ ఎక్కరు. కానీ ఒక్క సంగతి మాత్రం గమనించాను. నిండు బండి తూగేటప్పుడు తొట్టి మీద అదనంగా ఎవరైనా ఉంటే దిగమని కేకలు వేసే మనిషి ఆ మిల్లులో ఉన్నాడు. ఖాళీ బండి తూగేటప్పుడు అలా కేకలు వేయడానికి ఎవరూ లేరు. తమకు నష్టం జరిగే చోట కాపలా పెట్టుకోవడం సహజమే. రెండో చోట కాపలా ఉండవలసింది మేము, మేము ఎప్పుడూ లేము.

గోనె సంచి

సరుకు దించాక సంచులు తిరిగి మాకే వచ్చాయి కాబట్టి ఈ పరీక్ష తేలిక అయింది. పది సంచులు దులిపి, కట్టగా కట్టి తూస్తే 5 కిలోల 800 గ్రాములు. 50 కిలోల ధాన్యానికి వాడే కొత్త జనప సంచికి ఉన్న ప్రామాణిక బరువు 580 గ్రాములే. 130 సంచులకు 75.4 కిలోలు. మిల్లు తీసింది సంచికి కిలో చొప్పున 130 కిలోలు. ఎక్కువ తీసింది 54.6 కిలోలు. ఈ ‘సంచికి కిలో’ అనే వాడుక, ఒకటికి రెండుసార్లు అతుకులు వేసిన పాత బరువైన గోనెల కాలంలో మొదలై ఉంటుందని నా ఊహ. ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చే రైతుల దగ్గర కూడా అదే కిలో తీసే చోట్లు ఉన్నాయి. గుప్పిట్లో నలిగిపోయే ఆ సంచికి కిలో బరువు కట్టడం ఏ లెక్కనా కుదరదు.

లెక్క కుదిరిన తీరు

నాలుగో రోజు సాయంత్రం రైతునూ, ఆయన కొడుకునూ, మిల్లు గుమస్తానూ ఒక చోట కూర్చోబెట్టి కాగితం మీద అంకెలు వేశాను. నిండు బండి 8,610 నుంచి సరైన ఖాళీ బండి 3,240 తీస్తే 5,370. మా కాటా సరిచేసిన లెక్క 5,368. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు రెండు కిలోల తేడాతో కలిశాయి. వేబ్రిడ్జి పది కిలోల మెట్టు గుర్తుంటే ఇది తేడా కానే కాదు. అందులోంచి సంచుల బరువు 75.4 తీస్తే 5,294.6. తేమను 19 నుంచి 17 శాతానికి తెస్తే 5,167 కిలోలు. రైతుకు న్యాయంగా రావలసిన బరువు ఇది. సొమ్ము 1,18,841 రూపాయలు.

అంటే 257 కిలోల తగాదాలో 224 కిలోలు రైతు పక్షాన, 33 కిలోలు మిల్లు పక్షాన తేలాయి. రైతుకు తక్కువ వచ్చింది 5,152 రూపాయలు. ఆయన అడిగింది 5,911. మిగిలిన 759 రూపాయలు గింజలోని నీటివీ, మా కాటా మూలవీ.

గుమస్తా ఈ లెక్కను మూడుసార్లు తిరగవేసి చూసుకున్నాడు. కళాసీల బరువు 170 కిలోలకు అభ్యంతరం చెప్పలేదు. కానీ, “ఈ నూట డెబ్బైలో కూడా తేమ ఉంటాది కదండీ” అని, దాని మీద కూడా తరుగు తీసి 166 కిలోలుగా లెక్కగట్టి 3,818 రూపాయలు ఇవ్వడానికి యజమానిని ఒప్పించాడు. ఆ మాట న్యాయమైనదే కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. మనసులో మాత్రం ఆ మనిషిని మా సంఘంలో పెట్టుకుంటే బాగుండుననిపించింది. సంచుల మీది 54.6 కిలోలు మాత్రం ఇవ్వలేదు. సంచికి కిలో అని ముందే మాట అయిందనీ, రైతు ఒప్పుకున్నాడనీ అన్నారు. అదీ నిజమే. మాట ఇచ్చాక బరువు తప్పని తేలినా మాట మాటే అని రైతే అన్నాడు. ఆ డబ్బు తీసుకుని, లేచి వెళ్ళేటప్పుడు నాతో, “మరి పోయినేడు మీ కాటా మీదే తూసినాను బాబూ, అప్పుడూ ఇంతే ఎక్కువ సూపించిందేటి?” అని అడిగాడు. పోయిన ఏడు ముద్ర గడువులోనే ఉందని చెప్పాను. మూలల పరీక్ష ఆ ఏడు కూడా చేయలేదని మాత్రం ఆయనతో అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

ఆ తర్వాత మార్చినవి

మొదటగా చీటీని మార్చాం. ‘తరుగు’ అనే మాటను మా చీటీలోంచి తీసేశాం. ఆ ఒక్క మాట కింద సంచి బరువు, తేమ, తాలు, కాటా తేడా, దొంగతనం అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ఇప్పుడు నిండు బండి, ఖాళీ బండి, బండి మీద మనుషులు ఎందరు, సంచులు ఎన్ని, పది ఖాళీ సంచుల తూకం ఎంత, డబ్బాలోని గింజ తేమ ఎంత, దానికి బస్తా ఒక్కింటికి తగ్గింపు ఎంత అని వేర్వేరు గళ్ళు ఉన్నాయి. బస్తా అంటే 80 కిలోలు, సంచి అంటే 40 కిలోలు అని చీటీ అడుగున అచ్చు వేయించాం. గుమస్తాలకు ఈ చీటీ నింపడం విసుగు. రైతుల్లో కొందరికి కూడా విసుగే. అయినా సంచి బరువును కిలోగా కాక అసలు తూకం ప్రకారం తీయడానికి ఆ మిల్లు తర్వాతి కొనుగోళ్ళలో ఒప్పుకుంది. దానికి కారణం నా వాదన కాదు, పది సంచుల తూకం గడి ఖాళీగా వదిలేస్తే చీటీ అసంపూర్తిగా కనిపించడమే.

కాటాకు ముద్ర వేయించాం. దాని కింద చదునైన చెక్క పలక వచ్చింది. పొద్దున్న మొదటి సంచి ఎక్కే ముందు రెండు గుండ్లను నడిమధ్యనా నాలుగు మూలలా పెట్టి చూసి, ఆ అంకెలు పుస్తకంలో రాయడం తప్పనిసరి చేశాం. దీనితో నేను ఊహించని ఇబ్బంది ఒకటి వచ్చింది. సరిచేసిన కాటా మునుపటికన్నా సంచికి 200 గ్రాములు తక్కువ చూపిస్తోంది. “మీ కాటా కూడా మిల్లు వైపు తిరిగిపోనాదిరా” అని ఇద్దరు ముగ్గురు రైతులు కళ్ళంలోనే తూకం ఆపేశారు. గుండ్లు పెట్టి చూపించినా నమ్మలేదు. గుండ్లే తక్కువ తూగుతున్నాయేమో అన్నారు. గుండు మీది ముద్ర చూపించాక ఒకరు ఒప్పుకున్నారు, మిగిలిన వాళ్ళు ఆ ఏడాది వేరే కాటా మీద తూయించుకున్నారు.

పలాస, మందస వైపు ఉన్న మా సభ్యుల జీడి పిక్కల అమ్మకాల్లో కూడా ఇదే పద్ధతి పెట్టాలనుకున్నాం గాని అక్కడి చిక్కు మరో రకం. పిక్కల బస్తా కూడా 80 కిలోలే. రైతు అమ్మేది కిలోల్లోనే. కానీ సరుకు నాణ్యతను వ్యాపారులు మాట్లాడుకునేది ఒక బస్తా పిక్కల నుంచి ఎన్ని పౌండ్ల మంచి పప్పు వస్తుందన్న లెక్కలో. కిలో పిక్కలు కోసి చూస్తే 270 గ్రాముల మంచి పప్పు వచ్చిందనుకుందాం. 80 కిలోలకు 21.6 కిలోలు, అంటే ఇంచుమించు 48 పౌండ్ల సరుకు. ఈ కోత పరీక్ష రైతు ఎదుట జరగదు, పౌండ్ల అంకె రైతు చెవిన పడదు. అక్కడ ముందు ఆ అంకెను చీటీ మీదికి తేవాలి. సంచి, తేమ సంగతి ఆ తర్వాత.

ఇక ఖాళీ బండి. మిల్లు వారు వేబ్రిడ్జి పక్క గోడ మీద ‘రెండు తూకాల్లోనూ డ్రైవరు ఒక్కడే’ అని నీలం రంగుతో రాయించారు. ఆ సీజనులో మా రైతుల బళ్ళు మరో పదకొండు అదే మిల్లుకు వెళ్ళాయి. ప్రతి బండి వెంట మా మనిషి ఒకడు వెళ్ళి ఖాళీ తూకం దగ్గర నిలబడ్డాడు. కళ్ళం లెక్కకూ వేబ్రిడ్జి లెక్కకూ తేడా ఏ బండికీ 20 కిలోలు దాటలేదు. మొదటి రెండు రోజులు కళాసీలు గొణిగారు, ఎండలో గేటు దాకా నడవాలి గదా అని. మూడో రోజు నుంచి టీ ఫ్లాస్కులో గోదాం దగ్గరికే వస్తోంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద మిల్లుకూ మాకూ కొంత చర్చ జరిగి, చివరికి రోజు మార్చి రోజు అని కుదిరింది. అంతకు ముందు ఏళ్ళలో ఎన్ని బళ్ళ ఖాళీ తూకంలో మనుషులు కూర్చున్నారో లెక్క తీయమని సంఘం సమావేశంలో ఒకరు అడిగారు. పాత చీటీల కట్టలు దించి చూశాం. వాటిలో ఉన్నది సరుకు బరువు ఒక్కటే.